శాటిలైట్ నెట్: స్పీడ్ 150 సూపిస్తది గని కాల్ ఆగిపోతది, కెమెరా బయట ఓపెన్ కాదు, ఎందుకు?

మేకలదొడ్డి (సొంతూరు కరీంనగర్ దిక్కు, ఉండేది టెక్సాస్)

అందరికి నమస్తే. జర పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చదవుండ్రి. పోయినేడు ఊరు బయట 6 ఎకరాల జాగ తీసుకున్నం, చిన్న ఇల్లు, ఎనకాల రేకుల షెడ్డు, అండ్ల 11 మేకలు. మా రోడ్డు దాక ఫైబర్ రాలే, కేబుల్ లేదు, ఫోన్ల సిగ్నల్ ఒక్క గీత. అందుకే శాటిలైట్ నెట్ పెట్టుకున్న, తక్కువ ఎత్తుల తిరిగే శాటిలైట్ల రకం. డిష్ నేనే బిగించుకున్న, పెరట్ల నేల మీద స్టాండుకు.

స్పీడ్ టెస్ట్ పెడితే 150 ఎంబీపీఎస్ సూపిస్తది. గని ఆఫీస్ మీటింగుల మాట్లాడుతుంటే రెండు మూడు సెకన్లు మొకం అట్లనే ఆగిపోతది, మళ్ల అదే సక్కగైతది, గంటకు ఐదారు సార్లు. ఇంకోటి, మేకల షెడ్డుల కెమెరా పెట్టిన, ఇంట్ల వైఫై మీద ఉంటే మంచిగ కనపడ్తది, గేటు దాటి మొబైల్ డేటా మీదికి పోతే ఓపెన్ కాదు. వీడియోలు చూసుకుంట పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటికెల్లి వచ్చేటోళ్లకు రౌటర్ల తలుపు తెరుసుడు) నాలుగు సార్లు చేసిన, కాలే. ఈడ కొయొటీలు తిరుగుతయి, ఒక పిల్లను ఎత్తుకపోయినయి కూడ, ఆఫీసుకు పోయిన రోజు నా పానమంత షెడ్డు మీదనే ఉంటది. ఊర్లున్న మా నాయిన కూడ మేకలను సూపియ్యిరా అని రోజు అడుగుతడు, 40 ఏండ్లు మేకలు కాసిన మనిషి. ఆయనతోని వీడియో కాల్ మాట్లాడితే ఇద్దరి మాటలు ఒకదానికొకటి అడ్డం పడ్తయి, అది మూడో బాధ.

ఇంక డౌన్‌లోడ్ పెడితే 18 అని సూపిస్తది, 150 కాదు. ఇవన్ని ఒక్కటే రోగమా, వేర్వేరా? నేను డేటాబేస్ పని చేస్త, నెట్‌వర్కింగ్ నాకు తెల్వదు.

రాత్రిడ్యూటీ (హైదరాబాద్, నెట్‌వర్క్ సపోర్ట్)

అన్నా వేర్వేరే. ముందు తేలికది తీసేద్దాం. స్పీడ్ టెస్ట్ చూపించే 150 మెగాబిట్లు, డౌన్‌లోడ్ విండో చూపించే 18 మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు, 150ని 8తో భాగిస్తే 18.75. అంటే నీకు రావాల్సింది మొత్తం వస్తుంది, ఎవరూ ఏమీ తినేయట్లేదు.

మిగతావాటికి నీ ఇంటి నుంచి బయటికి దారి ఎలా ఉందో మనసులో గీసుకో. ల్యాప్‌టాప్ నుంచి వైఫైలో రౌటర్‌కి, రౌటర్ నుంచి కేబుల్ మీద డిష్‌కి, డిష్ నుంచి శాటిలైట్‌కి, అక్కడి నుంచి కింద కంపెనీ గ్రౌండ్ స్టేషన్‌కి, ఆ తర్వాతే మామూలు ఇంటర్నెట్. ఇందులో ఏ ముక్క దగ్గర ఆగిపోయినా నీకు కనపడేది ఒకటే, మొహం ఆగిపోయింది అని. కాబట్టి ఒక్క పింగ్ (చిన్న కబురు పంపి జవాబుకి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడటం) కాదు, మూడు పింగులు పెట్టు. ఒక విండోలో రౌటర్‌కి (ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది), ఇంకో విండోలో డిష్‌కి (మాన్యువల్‌లో ఉంటుంది, చాలావాటిలో 192.168.100.1), మూడో దాంట్లో 8.8.8.8కి (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్). మూడూ ఒకేసారి ఒక గంట వదిలెయ్, మీటింగ్‌లో మొహం ఆగిన క్షణం ఏ విండో తప్పిందో చూసి ఇక్కడ పెట్టు. అప్పటిదాకా ఇంకేమీ మార్చకు, ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

రేవుపట్నం (విశాఖ, షిప్పు మీద ఎలక్ట్రికల్ ఆఫీసర్)

నీకు 150 వస్తుందా గురూ, అదృష్టం. మా షిప్పు మీద పాత పద్ధతి వీశాట్, భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో కదలకుండా ఉన్నట్టు కనపడే శాటిలైట్‌తో పని. పింగ్ పెడితే 640, 680, ఒక్కోసారి 700 మిల్లీసెకన్లు. వాట్సాప్ మెసేజీ వెళ్ళిపోద్ది, ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే మాత్రం తెల్ల పేజీ చూస్తూ కూచోవాలి, ఆ తర్వాత ఒక్కసారిగా మొత్తం వచ్చేస్తది. కుర్రాళ్ళందరూ స్పీడ్ లేదు స్పీడ్ లేదు అంటారు నాతో. స్పీడ్ కాదురా దూరం అని చెప్పి చెప్పి నోరు నొప్పెడుతుంది. దీన్ని మాస్టారు విడమర్చి చెప్తే బాగుంటుంది, ఆయన చెప్పే పద్ధతి వేరు.

తీగలమాస్టారు (రాజమండ్రి, టెలికాంలో రిటైర్డ్)

బాబూ, చెప్తాను. మా గోదావరి డెల్టాలో ఎవర్ని అడిగినా చెప్తారు, కాలువ వెడల్పు వేరు, నీళ్ళు రావాల్సిన దూరం వేరు. లాకులు ఎత్తిన రోజునే శివారు భూమికి నీళ్ళు రావు, కాలువ ఎంత వెడల్పున్నా సరే. వచ్చాక మాత్రం వెడల్పుని బట్టి పారతాయి. మీ స్పీడ్ టెస్ట్ చెప్పేది వెడల్పు, పింగ్ చెప్పేది నీళ్ళు రావడానికి పట్టే టైము. వెడల్పు డబ్బు పెట్టి పెంచుకోవచ్చు, దూరాన్ని ఎవడూ తగ్గించలేడు, వెలుగు సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లే పోతుంది.

లెక్క వేసి చూడండి. మీ డిష్ నుంచి శాటిలైట్‌కి 35,786, అక్కడి నుంచి గ్రౌండ్ స్టేషన్‌కి మళ్ళీ అంత, జవాబు వచ్చేదారిలో ఇంకో రెండు సార్లు. నాలుగు సార్లు కలిపితే లక్షా 43 వేల కిలోమీటర్లు, అంటే 477 మిల్లీసెకన్లు కేవలం ప్రయాణమే. మోడెమ్‌లో పని, కింద ఇంటర్నెట్‌లో తిరుగుడు కలిపితే మన విశాఖ అబ్బాయి చెప్పిన 640 వస్తుంది. అదే 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ రకమైతే నాలుగు సార్లూ కలిపి 2,200 కిలోమీటర్లు, ఏడు మిల్లీసెకన్ల చిల్లర. శాటిలైట్ నెత్తి మీదే ఉండదు, పక్కకి వాలి ఉంటుంది, క్యూలో వంతు రావాలి, అందుకే మొత్తం మీద 25 నుంచి 60 దాకా కనపడుతుంది. వన్‌వెబ్ అనే ఇంకో కంపెనీవి 1,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అవి మన శ్రీహరికోట నుంచి కూడా వెళ్ళాయి, 2022 అక్టోబరులో 36, 2023 మార్చిలో 36, రెండూ ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ మీద.

ఇప్పుడు తెల్ల పేజీ సంగతి. పేజీ తెరవడానికి ముందు మీ కంప్యూటర్ సైటు పేరుకి నంబరు ఏంటని డీఎన్ఎస్‌ని అడుగుతుంది, ఒక రాకపోక. ఆ నంబరుకి పోయి మాట్లాడొచ్చా అంటుంది, టీసీపీ, ఇంకో రాకపోక. తాళాలు మార్చుకుంటాయి, టీఎల్ఎస్ 1.3 అయితే ఒకటి, పాత 1.2 అయితే రెండు. అప్పుడు పేజీ ఇవ్వమని అడిగితే ఇంకోటి. తక్కువలో తక్కువ నాలుగు రాకపోకలు, ఒక్కోటి 0.6 సెకను అంటే 2.4 సెకన్లు గడిచాకే మొదటి అక్షరం వస్తుంది. 20 మిల్లీసెకన్ల ఫైబర్ మీద ఇదే తంతు మొత్తం 80 మిల్లీసెకన్లలో అయిపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. ఒకే పేజీ పది వేరే వేరే సైట్ల నుంచి బొమ్మలూ యాడ్లూ తెచ్చుకుంటే ఒక్కోదానికి ఇదంతా మళ్ళీ మొదలు. అందుకే శాటిలైట్ మీద యాడ్ బ్లాకర్ పెట్టుకుంటే పేజీలు ఎంత తొందరగా వస్తాయో, నాకు తెలిసి మీరు చేసుకోగలిగిన అతి సులువైన పని అదే.

రేవుపట్నం

సూపర్ మాస్టారూ. ఇంకోటి కూడా చెప్పండి, ఎత్తు శాటిలైట్ మీద 20 ఎంబీపీఎస్ లైన్ ఉన్నా ఒక్క ఫైల్ లాగితే ఒక్క ఎంబీపీఎస్ కూడా రాని కేసు నేను చూశా, అదే నాలుగు ఫైళ్ళు ఒకేసారి పెడితే నాలుగింతలు వచ్చింది.

తీగలమాస్టారు

అది టీసీపీ విండో బాబూ. పంపేవాడు కొంత పంపి అందింది అన్న కబురు కోసం ఆగుతాడు. పాత పద్ధతిలో కబురు లేకుండా పంపగలిగింది 65,535 బైట్లే. రాకపోకకి 0.6 సెకను పడితే సెకనుకి లక్షా తొమ్మిది వేల బైట్లు, అంటే 0.87 ఎంబీపీఎస్. కాలువ 20 పారగలిగినా గేటు దగ్గర మనిషి బిందెడు పోసి కబురు కోసం కూచున్నాడు. ఇప్పటి సిస్టమ్స్‌లో విండో పెద్దది చేసుకునే ఏర్పాటు ఉంది, అయినా మొదట్లో మెల్లగానే మొదలుపెట్టి పెంచుకుంటూ పోతుంది, ఆ పెంచుకోవడం కూడా రాకపోకల లెక్కనే. అందుకని వీశాట్ కంపెనీలు మోడెమ్‌లోనే ఒక మధ్యవర్తిని పెడతాయి, శాటిలైట్ అవతల నుంచి కబురు రాకముందే అందింది పంపు అని మీ కంప్యూటర్‌కి ఇక్కడే చెప్పేస్తుంది. మీరు ఆఫీస్ వీపీఎన్ ఆన్ చేస్తే అంతా తాళం వేసిన పెట్టెలో పోతుంది, లోపల ఏముందో ఆ మధ్యవర్తికి కనపడదు, సాయం చెయ్యలేదు. వీశాట్ మీద వీపీఎన్ వేయగానే నెట్ చచ్చిపోయిందని వచ్చే కంప్లైంట్లలో చాలావాటికి కారణం ఇదే.

పాడేరు_కాఫీ (అల్లూరి జిల్లా ఏజెన్సీ, బ్యాంకు సేవా కేంద్రం)

నమస్తే అండి, నేను ఇక్కడ కొత్త. మా సెంటర్‌లో వీశాట్ ఉంది, చిన్న డిష్, గోడ మీద. పెన్షన్ డబ్బులు తీసుకోడానికి కొండ దిగి నడుచుకుంటూ వస్తారు ముసలివాళ్ళు, వేలిముద్ర వేస్తే తిరుగుతూ తిరుగుతూ టైమ్ అవుట్ అని వచ్చేస్తుంది, వాన రోజుల్లో మరీనూ. రేపు రండి అని పంపించాలంటే చాలా బాధగా ఉంటుందండి, ఒకావిడ రెండు గంటలు నడిచి వస్తుంది. వాన లేకపోయినా జులై నుంచి సరిగా ఉండట్లేదు, ఎండాకాలంలో బానే ఉండేది. ఇది మా చేతిలో ఏమైనా ఉందా, కంపెనీదేనా? టెక్నీషియన్ రావాలంటే కింద నుంచి రావాలి, రోజులు పడుతుంది.

తీగలమాస్టారు

అమ్మా, మీ చేతిలో కొంత ఉంది. వాన చినుకులు సిగ్నల్‌ని మింగేస్తాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మింగడం ఎక్కువ. తక్కువ ఫ్రీక్వెన్సీ సీ బ్యాండ్‌ని వాన పెద్దగా ఏమీ చెయ్యదు, అంతకంటే ఎక్కువైన కేయూ బ్యాండ్‌కి దెబ్బ, ఇంకా ఎక్కువైన కేఏ బ్యాండ్‌కి ఇంకా దెబ్బ. అందుకే పాత పెద్ద సీ బ్యాండ్ డిష్షులు వానలో కూడా ఆడేవి. ఇప్పటి మోడెమ్‌లు వాన వస్తే స్పీడ్ తగ్గించుకుని లైను నిలబెట్టుకుంటాయి, కుండపోతలో అదీ తెగుతుంది. అలాంటి వాన ఎక్కువసేపు ఉండదు, పది ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ వేయించండి, రేపు రమ్మనకండి.

కానీ మీరు చెప్పిన రెండో మాట నాకు వేరేలా వినపడింది. వాన లేనప్పుడు కూడా జులై నుంచి బాలేదు అంటే అది ఆకాశంలో వాన కాదు, కేబుల్‌లోకి దిగిన నీళ్ళు. డిష్ ముందు ఒక కడ్డీ చివర డబ్బా ఉంటుంది, దానికి బిగించిన కేబుళ్ళ జాయింట్లు చూడండి. చుట్టిన నల్ల టేపు ఊడి వేలాడుతుందా, కనెక్టర్ మీద ఆకుపచ్చ చిలుం ఉందా. కేబుల్ జాయింటు నుంచి కిందికి ఒక వంపు తిరిగి రావాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గర జారిపోవాలి, అలా కాకుండా కేబుల్ పైనుంచి నేరుగా జాయింట్‌లోకి దిగుతుంటే నీళ్ళు లోపలికే పోతాయి. మోడెమ్ పేజీలో సిగ్నల్ నంబరు ఒకటి ఉంటుంది, ఎండ రోజున ఎంత, ఇప్పుడెంత రాసి పెట్టుకోండి. ఫోన్ చేసినప్పుడు నెట్ స్లో అనకుండా ఆ రెండు నంబర్లు చెప్పండి, అవతలివాడు వెంటనే టికెట్ రాస్తాడు. ఒక్కటి, కేబుల్ విప్పేముందు మోడెమ్ పవర్ తీసేయండి, కేబుల్‌లో కరెంటు పోతుంది. డిష్‌ని మాత్రం ముట్టుకోవద్దమ్మా, అది ఒక్క డిగ్రీ కదిలినా పోతుంది.

ఇంకోటి, మార్చి మొదటి సగంలో, మళ్ళీ సెప్టెంబరు చివర అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు దాదాపు ఒకే టైముకి కొన్ని నిమిషాలు పోతే కంగారు పడకండి, సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. ఆ వేడి హోరులో సిగ్నల్ వినపడదు.

(1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) అని ఒక ప్రయోగం జరిగింది, అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 శాటిలైట్ నుంచి నేరుగా పల్లెటూళ్ళ టీవీలకి. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, మన ఆంధ్ర కూడా ఒకటి. ఆ డిష్షులు కోళ్ళకి కట్టే జాలీతో చేసినవి, పదడుగులు. ఇప్పుడు గోడ మీద పళ్ళెం అంత దానితో వేలిముద్ర పోయి వస్తోంది, తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.)

మేకలదొడ్డి

రాత్రిడ్యూటీ తమ్మీ, గంట కాదు మూడు గంటలు పెట్టి చూసిన. రౌటర్‌కు 2, 3, 2, 3, మధ్యల ఒక్కసారిగ 180, 240, మళ్ల 3. డిష్‌కు గూడ అట్లనే. 8.8.8.8కు 38, 41, 36, మధ్యల ఆ 200లు, అవి గాక కొన్నిసార్లు వరుసగ రెండు మూడు లైన్లు టైమ్డ్ అవుట్. మొకం ఆగింది చూస్తే గా టైమ్డ్ అవుట్ అప్పుడే ఆగింది, రౌటర్ విండో అప్పుడు మంచిగనే ఉన్నది.

రాత్రిడ్యూటీ

సూపర్, ఇలా చూపిస్తే పని అయిపోతుంది అన్నా. నీకు రెండు జబ్బులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. రౌటర్‌కే 240 వస్తుందంటే అది వైఫై, శాటిలైట్‌కి ఏ సంబంధం లేదు. ఈథర్‌నెట్ కేబుల్ పెట్టి మళ్ళీ చూడు. రౌటర్ ఎక్కడ ఉంది? ఫ్రిజ్ వెనకాలో, వాషింగ్ మెషీన్ రూంలోనో ఉంటే తీసెయ్.

రౌటర్, డిష్ రెండూ బాగుండి 8.8.8.8 మాత్రమే రెండు మూడు సెకన్లు పోతే అది ఆకాశంలో. 550 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న శాటిలైట్ భూమిని 95 నిమిషాల్లో చుట్టేస్తుంది, నీ నెత్తి మీద నిలబడదు, కొన్ని నిమిషాల్లో దాటిపోతుంది. స్టార్‌లింక్ లాంటి వాటిలో ఏ డిష్ ఏ శాటిలైట్‌తో మాట్లాడాలన్నది 15 సెకన్లకోసారి మళ్ళీ నిర్ణయం అవుతుంది. ఆ నిర్ణయంలో నీకు వచ్చిన శాటిలైట్ చెట్టు వెనకాల ఉంటే అంతే, తర్వాతది దొరికేదాకా నీ మొహం ఆగుతుంది. వీడియో సినిమా చూస్తే నీకు తెలీదు, ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి. మీటింగ్‌లో ముందే తెచ్చి పెట్టుకోవడం కుదరదు కదా, మాట ఇంకా పుట్టనే లేదు. కంపెనీ యాప్‌లో అడ్డంకుల మ్యాప్ ఉంటుంది చూడు, ఎర్రగా ఏమైనా ఉందా.

రేవుపట్నం

మాకూ ఇదే గురూ, చెట్టు బదులు పొగగొట్టం. షిప్పు కోర్సు మార్చి తిరిగితే మా డిష్ ఉండే డోముకీ శాటిలైట్‌కీ మధ్యలోకి పొగగొట్టం వచ్చేస్తది, దాన్ని బ్లైండ్ సెక్టర్ అంటాం. కోర్సు మారేదాకా నెట్ ఉండదు. కుర్రాళ్ళకి పలానా హెడింగ్‌లో ఉన్నంతసేపు కాల్ చెయ్యకండి అని ముందే నోటీసు అంటిస్తున్నా, ఇంటికి ఫోన్ చేసి మధ్యలో తెగితే అవతల వాళ్ళమ్మ భయపడిపోద్ది.

మేకలదొడ్డి

మ్యాప్ల ఉత్తరం దిక్కు, జర తూర్పుకు, అరచెయ్యంత ఎర్ర మచ్చ. పోయి డిష్ ఎనక నిలబడి చూసిన, సక్కగ పెకాన్ చెట్టు కొమ్మ. చలికాలం పెట్టిన నేను, అప్పుడు ఆకుల్లెవ్, ఏప్రిల్‌ల ఆకు పట్టినంక బాధ మొదలైంది, ఇప్పుడు సమజైంది. చెట్టు కొట్టుడు లేదు, దాని కిందనే మేకలు పండుకుంటయి. షెడ్డు రేకుల మీద పోలు పెట్టి డిష్ ఎక్కిస్త ఈ ఆదివారం. రౌటర్ గూడ బట్టల మిషిన్ పక్కన రేకు బీరువా ఎనక ఉన్నది, హాల్లకు తెచ్చిన, ఆఫీస్ ల్యాప్‌టాప్‌కు కేబుల్ వేసిన. రౌటర్ పింగ్ 1, 1, 1, 1, ఒక్కటి గూడ తప్పలే.

మరి కెమెరా?

ఎర్రమట్టి (నెల్లూరు, పశ్చిమ ఆస్ట్రేలియా మైనింగ్ టౌను)

కెమెరా కంటే ముందు, డీఎన్ఎస్ 1.1.1.1 పెట్టు బ్రో, స్పీడ్ డబుల్ అవుద్ది. నేను అదే చేశా.

రాత్రిడ్యూటీ

డబుల్ అవ్వదు బ్రో. డీఎన్ఎస్ అంటే పేరుకి నంబరు వెతికిచ్చే పుస్తకం, పుస్తకం తొందరగా తీస్తే పేజీ మొదలవడం కాస్త ముందు అవుతుంది, పైపు వెడల్పు అంతే ఉంటుంది. నీకు కంపెనీ ఇచ్చిన డీఎన్ఎస్ పాడై ఉంటే తేడా బాగా కనపడి ఉంటుంది, అది నిజమే కానీ స్పీడ్ కాదు.

కెమెరా సంగతి. అన్నా, రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు ఉన్న ఇంటర్నెట్ నంబరు) అని ఉంటుంది చూడు, తర్వాత బ్రౌజర్‌లో నా ఐపీ ఏంటి అని వెతుకు. రెండూ ఒకటేనా?

మేకలదొడ్డి

ఒకటి గాదు. రౌటర్ల 100.82తోని మొదలైతది, బ్రౌజర్ల వేరే ఏదో ఉన్నది.

రాత్రిడ్యూటీ

అంతే, దొరికింది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లు కంపెనీలు లోపల వాడుకోవడానికి 2012లో పక్కన పెట్టినవి. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. ఐపీ వెర్షన్ 4 నంబర్లు మొత్తం 430 కోట్లు కూడా లేవు, ఎప్పుడో అయిపోయాయి, అందుకని చాలామంది కస్టమర్లకి కలిపి ఒకటే పబ్లిక్ నంబరు.

గేటెడ్ కమ్యూనిటీ అనుకో. బయటి లోకానికి తెలిసింది గేటు అడ్రసు ఒక్కటే. నువ్వు లోపల నుంచి ఫుడ్ ఆర్డర్ చేస్తే సెక్యూరిటీ రాసుకుంటాడు, వచ్చినప్పుడు నీ ఫ్లాటుకి పంపిస్తాడు. నువ్వు పిలవకుండా ఎవడో గేటు దగ్గరికొచ్చి మేకల షెడ్డుకి పోవాలి అంటే ఎవరి షెడ్డు అంటాడు, పంపడు. నువ్వు చేసిన పోర్ట్ ఫార్వర్డింగ్ నీ ఫ్లాటు తలుపు తెరిచి పెట్టడం. తలుపు బార్లా తెరిచే ఉంది, ఎవర్నీ గేటే దాటనివ్వట్లేదు. నాలుగు సార్లు కాదు నలభై సార్లు చేసినా అంతే, నీ తప్పు లేదు అందులో.

దారులు ఉన్నాయి. కొన్ని బిజినెస్ ప్లాన్లలో పబ్లిక్ ఐపీ ఇస్తారు, నెలనెలా ఖర్చు. ఐపీ వెర్షన్ 6లో ప్రతి ఇంటికీ సొంత నంబర్లు వస్తాయి కానీ చూసేవాళ్ళకి కూడా వెర్షన్ 6 ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో తెరవాలి, కెమెరాని లోకానికి అలా తెరవడం నాకు నచ్చదు. నేను చెప్పేది టెయిల్‌స్కేల్ లాంటి యాప్, నీ పరికరాలన్నిటినీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలుపుతుంది, లోపల వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పనిచేస్తుంది. ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత ల్యాప్‌టాప్‌లో ఒకటి (కెమెరాకి దారి దీని మీదుగానే), నీ ఫోన్‌లో ఒకటి, నాన్నగారి ఫోన్‌లో ఒకటి. అన్నీ లోపల నుంచి బయటికి ఫోన్ చేసినట్టు చేసి కలుసుకుంటాయి, గేటు దగ్గర ఆపేవాడు ఉండడు. ఒక మాట, అది ఇచ్చే నంబర్లు కూడా 100తోనే మొదలవుతాయి, రౌటర్‌లో చూసిన దానితో కలిపి కంగారు పడకు. కెమెరా పాస్‌వర్డ్ డబ్బా మీద రాసిందే ఉంటే ఈరోజే మార్చు.

ఎర్రమట్టి

నాది కూడా అడుగుతా. ముందు ఇక్కడి ఎత్తు శాటిలైట్ సర్వీసు స్కై మస్టర్ వాడేవాళ్ళం, ఇప్పుడు తక్కువ ఎత్తుది. నేను ఉండే ఊరికి సిటీ వందల కిలోమీటర్లు, కానీ సైట్లన్నీ నన్ను సిటీలో ఉన్నట్టు చూపిస్తాయి, బ్యాంకు యాప్ కొత్త చోటు నుంచి లాగిన్ అని ఓటీపీ మీద ఓటీపీ అడుగుద్ది. ఎవడన్నా నా అకౌంటులో దూరాడా?

రాత్రిడ్యూటీ

లేదు బ్రో, భయపడకు. నీ ట్రాఫిక్ ఇంటర్నెట్‌లోకి దిగే చోటు ఏ సిటీలో ఉంటే నువ్వు అక్కడ ఉన్నట్టే లోకానికి కనపడుతుంది. ట్రేస్‌రూట్ (దారిలో తగిలే మజిలీలు వరుసగా చూపించే కమాండ్) పెట్టి చూడు, మొదటి నాలుగైదు లైన్లు దాటాక సిటీ పేరు ముక్క ఏదైనా తగులుతుంది.

మేకలదొడ్డి

ఆదివారం పని అయింది. మా బామ్మర్ది నిచ్చెన పట్టుకున్నడు, 12 అడుగుల పోలు, డిష్ షెడ్డు మీద ఎక్కింది. మ్యాప్ మొత్తం నీలం. నాలుగు రోజులాయె, మీటింగుల ఒక్కసారి గూడ ఆగలే. ఒక్క రోజు సాయంత్రం మాత్రం పింగ్ 40 నుంచి 400కు పోయింది అరగంట, చూస్తే మా పిల్లగాని ఫోన్ ఫొటోలన్ని బ్యాకప్ అవుతున్నయి.

రాత్రిడ్యూటీ

అప్‌లోడ్ సన్న పైపు అన్నా, డౌన్‌లోడ్ అంత ఉండదు. ఫొటోలు దాన్ని నింపేస్తే నీ మాట ముక్కలు వాటి వెనకాల లైనులో నిలబడతాయి. బ్యాకప్‌ని రాత్రికి పెట్టు, లేదా రౌటర్‌లో క్యూ మేనేజ్‌మెంట్ ఉంటే ఆన్ చెయ్.

మేకలదొడ్డి

రాత్రికి మార్చిన. ఇప్పుడు కొత్త పంచాది. టెయిల్‌స్కేల్ పెట్టిన, నా ఫోన్ల ఆఫీస్ కాడి నుంచి కెమెరా మంచిగ వస్తుంది. మా నాయిన ఫోన్ల మా అన్న కొడుకు పెట్టిండు, మొబైల్ డేటా మీద వస్తది, ఇంట్ల వైఫై మీదికి పోతే రాదు! ఒక్కటే ఫోన్, ఒక్కటే యాప్.

రాత్రిడ్యూటీ

మీ నాన్నగారి ఇంట్లో వైఫై కూడా 192.168.1 తోనే మొదలవుతుందా?

మేకలదొడ్డి

అవ్ గదా! కెమెరా 192.168.1.50. ఆడ గూడ రౌటర్ 192.168.1.1.

రాత్రిడ్యూటీ

అదే. ఫోన్‌కి 192.168.1.50 కావాలి అంటే అది ఈ ఇంట్లోనే ఉంది కదా అని టెక్సాస్ దాకా పోకుండా వాళ్ళింట్లోనే వెతుకుతుంది. రెండు ఊళ్ళలో ఒకే పేరు వీధి ఉన్నట్టు. మీ ఇంటి నెట్‌వర్క్ నంబరు మార్చు, 192.168.47 లాంటి ఎవరూ పెట్టుకోనిది. కంపెనీ రౌటర్‌లో కుదరకపోతే సొంత రౌటర్ పెట్టి కంపెనీ దాన్ని బైపాస్ మోడ్‌లో (రౌటర్ పని చెయ్యకుండా పక్కకి తప్పుకునేలా) పెట్టు, రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి నాట్ చేస్తే ఇంకో తలనొప్పి.

కాల్‌లో మాటలు అడ్డం పడటం మాత్రం పూర్తిగా పోదు అన్నా. టెక్సాస్ నుంచి తెలంగాణకి తిన్నగా కొలిచినా 14 వేల కిలోమీటర్లు, ఫైబర్ గాజులో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లే, రానూపోనూ 140 మిల్లీసెకన్లు కనీసం, సముద్రం కేబుళ్ళు తిన్నగా పోవు కాబట్టి ఇంకా ఎక్కువే. దానికి తోడు శాటిలైట్ వాటా ఇంకో 40. మీ నాన్నగారు మాట ఆపాక ఒక క్షణం ఆగి మాట్లాడు.

పాడేరు_కాఫీ

మాస్టారూ, మీరు చెప్పినట్టే చూశానండి. టేపు ఊడిపోయి ఉంది, కనెక్టర్ లోపల ఆకుపచ్చగా ఉంది. కేబుల్‌కి వంపు కూడా లేదు, నేరుగా దిగింది. సిగ్నల్ నంబరు మే నెలలో రిజిస్టర్‌లో టెక్నీషియన్ రాసింది 13, ఇప్పుడు 7. ఆ రెండూ ఫోన్‌లో చెప్తే మూడో రోజే మనిషి వచ్చి కనెక్టర్లు కొత్తవి వేసి, సాగే రబ్బరు టేపు చుట్టాడు. ఇప్పుడు 12 ఉంది. నిన్న చిన్న వానలో కూడా 19 మందికి వేలిముద్ర పడింది అండి.

తీగలమాస్టారు

చాలా సంతోషం తల్లీ. ఆ నంబరు ప్రతి సోమవారం పొద్దున్నే రిజిస్టర్‌లో రాస్తూ ఉండండి.

మేకలదొడ్డి

192.168.47 కు మార్చిన, ఇంటి వైఫై మీద గూడ వచ్చింది. మా నాయిన మంచంల కూసొని ఫోన్ దగ్గర పెట్టుకొని అరగంట చూసిండంట, ఈడ పొద్దుగాల, ఆడ రాత్రి. నాకు ఫోన్ చేసి, ఒక క్షణం ఆగి, ఆ నల్ల మేక ఎడమ ముందు కాలు మెల్లగ పెడుతుంది చూసినవా అన్నడు. నేను రోజు మేత వేస్త, నాకు కనపడలే. పోయి కాలు లేపి చూస్తే గిట్టల మధ్యల ముల్లు.